అంగడి నెత్తి మీద సభామందిరం ఎందుకు కట్టారు? (బోస్టన్ ఫాన్యుల్ హాలు గురించి)

పెన్నా_ఒడ్డు
బోస్టనులో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వచ్చి రెండు నెలలయింది. ఇక్కడికి వచ్చిన తల్లిదండ్రులను తప్పకుండా తిప్పి చూపించే చోట్లలో ఫాన్యుల్ హాలు ఒకటట, నిన్న నన్నూ తీసుకెళ్లారు. ‘స్వేచ్ఛకు ఊయల’ అని దానికి బిరుదు. కింది అంతస్తులో టోపీలు, చొక్కాలు, ఫ్రిజ్జుకు అంటించే బొమ్మలు అమ్ముతున్నారు. మెట్లెక్కి పైకి వెళితే వేదిక, వరుసగా కుర్చీలు, గోడ నిండా పటాలు. నెల్లూరు పురమందిరంలో నలభై ఏళ్లుగా సభలు విన్నవాణ్ణి. అక్కడ సభ అంటే సభే. కింద ఉల్లిపాయల బేరం జరుగుతుండగా పైన దేశం సంగతి మాట్లాడుకోవడం నేనెక్కడా చూడలేదు. ఇది మొదటినుంచీ ఇంతేనా, పర్యాటకుల కోసం ఈ మధ్య పెట్టిన అంగళ్లా? మొదటినుంచీ ఇంతే అయితే, సభ జరుపుకోవడానికి ఆ ఊళ్లో అంగడి నెత్తి తప్ప వేరే చోటే దొరకలేదా? తెలిసినవారు చెప్పవలసింది.

ట్రంకురోడ్డు_వాసి
మొదటినుంచీ ఇంతే. అయితే మీ ప్రశ్నను తిరగేసి అడగాలి. సభామందిరం కట్టి దాని కింద అంగడి పెట్టలేదు, అంగడి కట్టబోయి దాని పైన సభామందిరం వేశారు.

కందుకూరు_కరణం
1734 నుంచి చెప్పుకొస్తే గాని ఈ సంగతి బోధపడదు. అంతవరకు బోస్టనులో చుట్టుపక్కల పల్లెల రైతులు సరుకు తెచ్చుకొని ఇంటింటికీ తిరిగి అమ్మేవారు. ఒక చోట, ఒక వేళకు, అందరి కళ్లెదుట అమ్మకం జరగాలని పట్టణ పెద్దలు పట్టుబట్టి, ఆ సంవత్సరం మూడు చోట్ల అంగడి ఇళ్లు తెరిపించారు. గుమ్మంలోకి వచ్చే కూరగాయలను మానుకొని అంగడి దాకా నడిచి వెళ్లడం కొనేవారికి ఇష్టం లేకపోయింది. అందరూ ఒకే కప్పు కింద కూర్చుంటే ధర ఎవరి చేతుల్లోకి పోతుందోనని అమ్మేవారికీ అనుమానమే. ఈ గొడవ ముదిరి, 1737లో కొందరు మతబోధకుల వేషాలు వేసుకొని వచ్చి, రేవు దగ్గరి డాక్ స్క్వేరు కూడలిలో ఉన్న అంగడి ఇంటిని నేలమట్టం చేసిపోయారు.

పీటర్ ఫాన్యుల్ అనే వర్తకుడు 1740లో ముందుకు వచ్చి, అదే డాక్ స్క్వేరులో సొంత ఖర్చుతో అంగడి కట్టించి పట్టణానికి ఇస్తానన్నాడు. ఆయనది ఫ్రాన్సులో మతహింసకు తాళలేక వలస వచ్చిన ప్రొటెస్టంటు వంశం. తండ్రి సోదరుని ఆస్తి కలిసివచ్చి, ఊళ్లో పెద్ద ధనవంతుల్లో ఒకడయ్యాడు. ఊరికే వచ్చే భవనాన్ని పుచ్చుకోవాలా వద్దా అని పట్టణ సభలో ఓట్లు వేయవలసి వచ్చిందంటే అంగడి మీద జనానికి ఎంత కోపముందో ఊహించుకోవచ్చు. పుచ్చుకుందామన్నవారు 367 మంది, వద్దన్నవారు 360 మంది. ఆ 7 ఓట్లయినా, వీధుల్లో ఎక్కడికైనా సరుకు పట్టుకెళ్లి అమ్ముకునే స్వేచ్ఛ అమ్మకందార్లకు ఎప్పటిలాగే ఉండాలన్న షరతు మీద పడ్డవే. పైన సభామందిరం చేర్చడం కూడా, అంగడి అంటే మొహం తిప్పుకొనేవారిని మెత్తపరచడానికి పనికివచ్చిన ఏర్పాటు.

స్కాట్లండు నుంచి వచ్చిన జాన్ స్మైబర్ట్ దానికి నమూనా గీశాడు. ఆయన చిత్రకారుడు, మేస్త్రీ కాదు. 1742 సెప్టెంబరు నాటికి పని పూర్తయింది. కింద కమానులతో గాలి ఆడే అంగడి, పైన వెయ్యిమంది పట్టే హాలు. ఇంగ్లండులో సంత ఊళ్లకు ఇది పాత అలవాటే కాబట్టి పెన్నా_ఒడ్డు గారికి వింతగా తోచినది వారికి వింత కాదు.

మైపాడు_గాలి
బోధకుల వేషాలు వేసుకొని కూరగాయల అంగడి కూల్చడం ఇదివరకెన్నడూ వినలేదు. మర్నాడు చర్చిలో పాపం ఒప్పుకొన్నారో లేదో.

సంతపేట_గంప
కరణం గారు చెప్పిన షరతు దగ్గర నేను ఆగిపోయాను. మా అమ్మ ముప్పై ఏళ్లు గంపలో ఆకుకూరలు పెట్టుకొని వీధి వీధీ తిరిగి అమ్మింది. తిరిగినంత కాలం ఆమెకు తెలిసిన ఇళ్లు ఉండేవి, అప్పు ఖాతాలు ఉండేవి, మధ్యాహ్నం ఎవరో ఒకరు మజ్జిగ పోసేవారు. తరువాత మా ఊళ్లో కప్పు వేసిన మార్కెట్టు కట్టి, వీధుల్లో అమ్మకూడదన్నారు. ఆశీలు పాట పాడుకున్న మనిషి గంపకు ఇంతని పొద్దున్నే వసూలు చేసేవాడు. ఆకుకూర అమ్ముడుపోయినా వాడిపోయినా ఆశీలు మాత్రం తప్పదు. చినుకు పడితే తడవని చోటు దొరికిందన్న మాట నిజమే గాని, మా అమ్మ ఆ కప్పును ఎన్నడూ మెచ్చుకోలేదు. అందుకే ఆ 360 మందిని అభివృద్ధి తెలియని మూర్ఖులని ఎవరైనా రాస్తే నేను ఒప్పుకోను. ఆ భవనంలో ‘స్వేచ్ఛ’ అనే మాట బ్రిటిష్ రాజు మీద తిరుగుబాటుతో మొదలుకాలేదు, గంపతో మొదలయింది.

స్టోన్‌హౌస్‌పేట_బస్తా
సంతపేట గారి మాటను కాదనను గాని, రెండో వైపు కూడా ఎవరైనా చెప్పాలి. మాది మూడు తరాల బియ్యం వ్యాపారం. కాటా అందరి కళ్లెదుట లేకపోతే మోసపోయేది ముందు రైతు, తరువాత కొనేవాడు. ఇంటింటి బేరంలో తూకం ఎవరు చూస్తారు? ఇకపోతే ఫాన్యుల్ దానం. వర్తకుడు ఊరికి ఏదైనా కట్టిస్తే అందులో లెక్క ఉండదా అంటే, ఉంటుంది. రేవు పక్కన అంగడి నిలబడితే రేవు వ్యాపారానికీ మంచిదే. అయినా మా పేటలో బస్తాకు ఇంతని ధర్మం ఖాతాలో వేసి సత్రాలకు ఇచ్చినవారినీ, పురమందిరం ఎవరి పేరు మీద నిలిచిందో ఆ రేబాల లక్ష్మీనరసారెడ్డి గారి వంటి దాతలనూ తలుచుకుంటే, లెక్క ఉన్నంత మాత్రాన దానం దానం కాకుండా పోదనిపిస్తుంది.

ఉదయగిరి_మెట్ట
బస్తా గారు ఆ లెక్కల పుస్తకంలో ఇంకొక పుట తిప్పాలి. ఫాన్యుల్ చేసింది ఎండుచేపలు, బెల్లపు పాకం, రమ్ము వ్యాపారం మాత్రమే కాదు. వెస్టిండీసు దీవుల్లో బానిసల చేత చెరకు సాగు చేయించే తోటలకు తిండి సరుకు పంపడమే ఆ వ్యాపారానికి మూలం. అది చాలదన్నట్టు మనుషులను కూడా కొని అమ్మాడు. ‘జాలీ బ్యాచిలర్’ అనే ఓడలో ఆయనకు వాటా ఉంది, మనుషులను ఎక్కించుకు రావడానికే అది ఆఫ్రికాలో సియెర్రా లియోన్ తీరానికి వెళ్లింది. ఆయన చనిపోయేనాటికి ఇంట్లో కూడా బానిసలున్నారు. ఈ సొమ్ముతో లేచిన గోడలను ‘స్వేచ్ఛకు ఊయల’ అనడం నాకు మింగుడుపడదు. దాన్ని మన ఊరి దాతల పక్కన నిలబెట్టడం అసలే బాగాలేదు.

స్టోన్‌హౌస్‌పేట_బస్తా
ఓడ సంగతి నాకు తెలియదు. ఆ పోలికను వెనక్కి తీసుకుంటున్నాను. కాటా గురించి చెప్పినది మాత్రం తీసుకోను.

చీరాల_మగ్గం
ఇదంతా చదువుతుంటే మాకు చీరాల–పేరాల గుర్తుకు రాక తప్పదు. 1919లో రెండు ఊళ్లనూ కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, మాకీ మునిసిపాలిటీ వద్దని జనం మొత్తుకున్నారు. వినకపోతే 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఊరే ఖాళీ చేసి, పొలిమేర అవతల పాకలు వేసుకొని, దానికి రామనగరమని పేరు పెట్టి నెలల తరబడి కాపురాలు చేశారు. బోస్టనువాళ్లు చేసినదీ ఇదే కదా. మా మాట అడగకుండా వేసిన పన్ను మేము కట్టం అన్నారు.

కందుకూరు_కరణం
మగ్గం గారూ, రెండు ఘట్టాలను కలిపేస్తున్నారు. 1737లో కూల్చిన అంగడి ఇల్లు రాజు కట్టించినది కాదు, ఆ పట్టణం తనకు తానే కట్టించుకున్నది. అది ఇంటి గొడవ. మీరు చెప్పే పన్నుల గొడవ 1764 తరువాతి సంగతి. చక్కెర మీద, స్టాంపు కాగితం మీద, చివరికి తేయాకు మీద బ్రిటిష్ పార్లమెంటు సుంకాలు వేసినప్పుడు ఈ హాలులోనే సభలు జరిగాయి. ఊరూరికీ ఉత్తరాలు రాసి ఉద్యమాన్ని కలిపే సంఘాన్ని తిరుగుబాటు నాయకుడు సామ్యూల్ ఆడమ్స్ ప్రతిపాదన మీద 1772 నవంబరులో ఏర్పాటు చేసుకున్నదీ ఇక్కడే. మరుసటి సంవత్సరం తేయాకు ఓడ రేవులో దిగినప్పుడు ఈ హాలుకు వచ్చిన జనం పట్టక, సభను ఓల్డ్ సౌత్ ప్రార్థనామందిరానికి మార్చుకున్నారు. కాబట్టి తేయాకు పెట్టెలను నీళ్లలో పారేసిన రాత్రి జనం బయలుదేరినది ఈ హాలు నుంచి కాదు. గైడ్ల మాటల్లో ఈ తేడా తరచుగా ఎగిరిపోతుంది.

చీరాల_మగ్గం
ఒప్పుకుంటున్నాను. అయితే ఇంటి గొడవలో ఓటు వేసి తేల్చుకోవడం అలవాటైన జనమే తరువాత బయటి గొడవలో అంత పట్టుగా నిలబడ్డారని నేననుకుంటే మీకు అభ్యంతరం ఉండదనుకుంటాను. మావాళ్లకు ఆ ఓటే లేదు, అందుకే ఊరు విడిచారు.

ట్రంకురోడ్డు_వాసి
ఓటు అందరిదీ కాదన్న సంగతి మరిచిపోవద్దు. ఆ రోజుల్లో బోస్టను జనాభా 16 వేల పైచిలుకు. ఆ హోరాహోరీ ఓటింగులో కూడా చేయి ఎత్తినవారు మొత్తం 727 మంది. ఆస్తి ఉన్న మగవారికే ఆ హక్కు. గంప మోసే ఆడమనిషి కింద అమ్ముకోవచ్చు గాని పైకెక్కి ఓటు వేయడానికి లేదు.

సంతపేట_గంప
అన్ని ఊళ్లలోనూ మెట్లు అక్కడే ఆగుతాయి కాబోలు.

కావలి_పాసింజరు
ఎవరూ చెప్పలేదు గాని, ఆ హాలులో మొదట జరిగిన పెద్ద సభ దాన్ని కట్టించినవాడి సంతాపసభే. 1742 సెప్టెంబరులో భవనం సిద్ధమయితే 1743 మార్చి మొదట్లో ఫాన్యుల్ చనిపోయాడు, వయసు 42. ఆయనను పొగుడుతూ జాన్ లవెల్ అనే బడిపంతులు అక్కడ ప్రసంగించాడు. ఆ పంతులు తరువాత రాజపక్షం వహించి, 1776లో బ్రిటిష్ సైన్యంతో పాటు ఊరు విడిచి వెళ్లిపోయాడు. హాలు చరిత్రలో మొదటి వక్తే అవతలి పక్షం మనిషి కావడం నాకు ముచ్చటగా ఉంటుంది.

మద్రాసు_మెయిలు
మన కళ్లెదుట ఉన్న పోలిక మద్రాసు. సెంట్రల్ స్టేషను దగ్గర విక్టోరియా పబ్లిక్ హాలు, మూర్ మార్కెట్టు దాదాపు పక్కపక్కనే ఉండేవి. హాలు 1880ల్లో లేచింది, దానికి శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజా ఆనందగజపతి. మూర్ మార్కెట్టు 1900లో తెరిచారు. నెల్లూరు నుంచి పొద్దున బండెక్కి వెళ్లి మూర్ మార్కెట్టులో పాత పుస్తకాలు బేరమాడి, సాయంత్రం బండికి తిరిగి వచ్చిన తరం మాది. 1985లో అది కాలిపోయినప్పుడు మా ఇంట్లో ఎవరో పోయినట్టు కూర్చున్నాం. అక్కడ హాలు వేరు, అంగడి వేరు. కోటు తొడుక్కున్నవారు హాలుకు, మేము అంగడికి. ఈ రెంటినీ ఒకదానిపై ఒకటి పెట్టి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పుడు తోస్తున్నది.

మైపాడు_గాలి
ఏమయ్యేది, రెండూ కలిసి కాలిపోయేవి.

కందుకూరు_కరణం
మైపాడు గారు నవ్వులాటకు అన్నా, ఫాన్యుల్ హాలుకు అదే జరిగింది. 1761 జనవరిలో నిప్పంటుకొని గోడలు మాత్రం మిగిలాయి. దాత లేడు, పట్టణం దగ్గర డబ్బు లేదు. లాటరీ పెట్టి, టిక్కెట్లు అమ్మి 1762లో మళ్లీ నిలబెట్టారు. ఆ టిక్కెట్ల మీద, తరువాత తిరుగుబాటు నాయకుడైన జాన్ హాంకాక్ సంతకం ఉండేది. కాబట్టి ఉదయగిరి గారు గమనించవలసినది ఒకటుంది. తిరుగుబాటు సభలు జరిగిన హాలుకు పునాదీ గోడలూ ఫాన్యుల్ సొమ్మువి, మిగిలినదంతా టిక్కెట్టు కొన్న ఊరి జనం సొమ్ము. ఇప్పుడు కనిపించే ఆకారం మళ్లీ వేరు. 1805–06లో చార్లెస్ బుల్‌ఫించ్ అనే వాస్తుశిల్పి 40 అడుగుల వెడల్పును 80 అడుగులు చేసి, పైన మూడో అంతస్తు వేశాడు. పెన్నా_ఒడ్డు గారు కూర్చున్నది బుల్‌ఫించ్ హాలులో, స్మైబర్ట్ హాలులో కాదు.

ఉదయగిరి_మెట్ట
గమనించాను. అయినా పేరు ఎవరిది? టిక్కెట్టు కొన్నవారిది కాదు కదా. పేరు మార్చాలని అక్కడి నల్లజాతివారు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు. 1770లో బ్రిటిష్ సిపాయిల కాల్పుల్లో చనిపోయిన క్రిస్పస్ అటక్స్ పేరు పెట్టమన్నారు. 2023లో నగర కౌన్సిలు కూడా మార్పును సమర్థిస్తూ తీర్మానం చేసింది. ఆ తీర్మానానికి కట్టుబడవలసిన పని లేదు కాబట్టి పేరు మాత్రం అలాగే ఉంది.

స్టోన్‌హౌస్‌పేట_బస్తా
మా పేట పేరే ఒక బ్రిటిష్ కలెక్టరుది. రోజూ బియ్యం బస్తా మీద ఆ పేరు అచ్చు వేసుకుంటున్నాం. పలికేటప్పుడు ఆ దొర ఎవరికీ గుర్తుకురాడు.

ఉదయగిరి_మెట్ట
మీకు గుర్తుకురాకపోవచ్చు. ఓడలో ఎక్కించిన మనిషి మనవలకు గుర్తుకొస్తుంది.

ఒంగోలు_పాఠాలు
ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి కనుక, పేరు సంగతి కాసేపు పక్కన పెట్టి, ఆ హాలులో బానిసత్వం మీద ఏమి జరిగిందో రెండు ముక్కలు చెబుతాను. బానిసత్వానికి వ్యతిరేకంగా పత్రిక నడిపిన ఎలైజా లవ్‌జాయ్‌ని ఇల్లినాయి రాష్ట్రంలో ఒక మూక చంపివేసింది. దాని మీద 1837 డిసెంబరులో ఈ హాలులో నిరసన సభ పెట్టారు. సభలో, బోస్టను ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రపు అటార్నీ జనరల్ ఆస్టిన్ లేచి, ఆ మూకను తేయాకు పారేసిన దేశభక్తులతో పోల్చాడు. అప్పుడు వెండెల్ ఫిలిప్స్ అనే యువ న్యాయవాది గోడ మీది పటాలకేసి చేయి చూపించి, ఈ మాట విని ఆ పటాలకే నోరు వచ్చి ఉంటే మిమ్మల్ని మందలించేవి అన్న అర్థం వచ్చేలా జవాబు చెప్పాడు. ఆ ఒక్క ప్రసంగంతో ఆయన పేరు దేశమంతా పాకింది. 1854లో పారిపోయి వచ్చిన ఆంథొనీ బర్న్స్‌ను చట్టం పేరుతో పట్టుకొని తిరిగి యజమానికి అప్పగించబోయినప్పుడు, ఇక్కడ సభ నడుస్తుండగానే మరికొందరు న్యాయస్థానం తలుపులు బద్దలు కొట్టబోయారు. ఆయనను విడిపించలేకపోయారు, సైన్యం కాపలాతో ఓడ ఎక్కించారు. తేయాకు ఘటనకు నూరేళ్లు నిండిన 1873లో, ఓటు లేని మాకు పన్ను ఎందుకని స్త్రీలు ఇదే హాలులో తేనీటి సభ జరిపారు.

ఇవన్నీ ఫాన్యుల్ ఊహించినవి కావు, కోరినవీ కావు. గోడలు కట్టినవాడికి ఆ గోడల మధ్య ఎవరేమి మాట్లాడతారన్న దాని మీద హక్కు ఉండదు. అందుచేత పేరు ఉంచినా మార్చినా, ఓడ సంగతి అక్కడ పలక మీద రాసి ఉండాలన్నది నా అభిప్రాయం.

సంతపేట_గంప
మాస్టారు చెప్పిన 1873 సభ చదివి సంతోషించాను. మన జిల్లాలో 1992లో దూబగుంట నుంచి మొదలుకొని ఆడవాళ్లు సారా పాటలు జరగనివ్వకుండా ఆపించినప్పుడు వారికి ఏ మందిరమూ లేదు. పాట జరిగే చోటికే వెళ్లి నిలబడ్డారు. బేరం జరిగే చోటే మాట కూడా చెల్లుతుందని వారికి ఎవరూ పాఠం చెప్పలేదు.

కావలి_పాసింజరు
ఇంకొక ముచ్చట. స్వాతంత్ర్య యుద్ధం మొదట్లో అమెరికన్ సైన్యం బోస్టనును ముట్టడించినప్పుడు ఊళ్లో చిక్కుకున్న బ్రిటిష్ అధికారులు కాలక్షేపానికి ఈ హాలును నాటకశాల చేసుకున్నారు. 1776 జనవరిలో ఒక రాత్రి, ముట్టడి చేస్తున్న వాషింగ్టన్ సైన్యాన్ని వెక్కిరించే ప్రహసనం మొదలయింది. ఒక సార్జంటు పరుగెత్తుకుంటూ వచ్చి శత్రువులు మీద పడ్డారని కేకపెడితే, ప్రేక్షకులు అది కూడా వేషమే అనుకొని చప్పట్లు కొట్టారట. నిజమని తెలిశాక మెట్ల మీద తొక్కిసలాట జరిగింది.

మైపాడు_గాలి
సురభివారి నాటకంలో కూడా ఇంతటి రక్తి చూడలేదు.

పెన్నా_ఒడ్డు
ఇన్ని జవాబులు చదివి ఈ రోజు మళ్లీ వెళ్లివచ్చాను. హాలు ముందరి నేల రాళ్ల మీద పాత సముద్రతీరం ఎక్కడ ఉండేదో గీతలు చెక్కి ఉన్నాయి. మొన్న వాటి మీదే నడిచి చూడకుండా పోయాను. ఒకప్పుడు పడవ దిగిన సరుకు నాలుగడుగుల్లో అంగడిలో ఉండేదన్నమాట. తరువాత రేవును పూడ్చి, 1826 నాటికి ఎదురుగా క్విన్సీ మార్కెట్టు అనే పొడవాటి రాతి భవనం కట్టారు, అంగడి రద్దీ అటు మళ్లింది. 1822లో బోస్టను నగరమయ్యాక ఊరంతా కూర్చునే పట్టణ సభ కూడా రద్దయింది. కింది అంగడి, పై సభ, రెండూ నాలుగేళ్ల తేడాలో పాత పని పోగొట్టుకున్నాయని ఈ రోజు తెలిసింది. టోపీల అంగళ్ల మీద నాకున్న చిరాకు కొంత తగ్గింది. చొక్కా అమ్మే అమ్మాయిని అద్దె ఎంతని అడిగితే నవ్వి ఊరుకుంది. సంతపేట గారి అమ్మగారు గుర్తుకొచ్చారు.

శిఖరం మీద మెరిసే మిడత బొమ్మ ఎందుకుందో ఎవరైనా చెప్పగలరా?

ట్రంకురోడ్డు_వాసి
గాలి ఎటు వీస్తున్నదో చూపడానికి. షెమ్ డ్రౌన్ అనే లోహకారుడు 1742లో రాగితో చేసి బంగారు పూత పూశాడు. 1755 భూకంపంలో కింద పడింది. 1974లో దొంగలు ఎత్తుకుపోయారనుకుంటే, ఆ శిఖరంలోనే పాత జెండాలలో చుట్టి దాచిపెట్టి ఉండగా దొరికింది.

మైపాడు_గాలి
దింపుకు పోవడానికి ఆశీలు అడిగి ఉంటారు.

కందుకూరు_కరణం
నా పై పోస్టులో ఒక సవరణ. 1762లో మళ్లీ నిలబెట్టారని రాశాను. కట్టడం అప్పటికి పూర్తయినా, పట్టణ సభకు తలుపులు తెరిచి న్యాయవాది జేమ్స్ ఓటిస్ ప్రసంగించినది 1763 మార్చిలో. ఈ చర్చను ఎవరైనా భద్రపరచుకుంటే ఆ సంవత్సరాన్ని దిద్దుకోవలసింది.